లినక్సు వ్యవస్థ – బీజాంకుర న్యాయము
(యూసుఫ్‌గూడ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



విత్తు ముందా, చెట్టు ముందా అను ప్రశ్నను పల్లెలో పసిపిల్లలు కూడ వేయుదురు. తర్కశాస్త్రజ్ఞులు దానికి బీజాంకుర న్యాయమని పేరుపెట్టి, ఆ జాతివే అయిన నాలుగు దోషములను విడదీసి చూపిరి. ఒక వస్తువు తన సిద్ధికి తననే కోరిన అది ఆత్మాశ్రయము. రెండు వస్తువులు ఒకదాని నొకటి కోరిన అన్యోన్యాశ్రయము. మూడో అంతకు మించినవో వలయముగా తిరిగిన చక్రకము. ఎచ్చటను నిలువక వెనుకకు వెనుకకు పోవుచుండినచో అనవస్థ. వాదమునందు ఈ నాలుగింటిలో ఏ యొక్కటి తగిలినను ఆ వాదము చెడినట్లే. చిత్రమేమనగా, నేడు ఇంటింటను, కచేరి కచేరియందును పనిచేయుచున్న కంప్యూటరును వట్టి డిస్కునుండి తన చేతులతో నిలబెట్టబూనిన వానికి ఈ నాలుగును వరుసగా ఎదురగును. అతడు వీనిని వాదముచే గాక చేతిపనిచే దాటవలెను. ఆ చేతిపని యెట్టిదో వివరించుటయే ఈ ప్రసంగ విషయము.

ఇట్టి విషయమునకు యూసుఫ్‌గూడ తగని చోటు కాదు. పూర్వము నగరపు టంచున పల్లెగా నుండిన ఈ ప్రాంతమునకు 1962లో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ తరలివచ్చి, పనిముట్టును పట్టువానికి దాని మర్మమును కూడ నేర్పవలెనను తలంపుతో ఇచ్చటనే స్థిరపడినది. మరొక వైపున కృష్ణానగరు. అచ్చటి వడ్రంగులు, రంగులు వేయువారు ఫిలింనగరు పనులమీద బ్రతుకువారు. తెరమీద రాజమహలు చూచువాడు ముగ్ధుడగును. ఆ మహలు వెనుక ఎన్ని వాసములున్నవో, ఏ మూల మేకు సరిగా దిగలేదో వడ్రంగికే తెలియును. కంప్యూటరు విషయమున పెక్కుమంది తెరముందు కూర్చుండువారే. వెనుకకు పోయి వాసములు చూచినవారు బహు కొద్దిమంది. కూర్చుండుట తప్పు కాదు. కాని సెట్టు కూలిననాడు వడ్రంగినే పిలువవలసియుండును.

వ్యవస్థ పుట్టుకను గూర్చి కొంచెము. 1983 సెప్టెంబరులో అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్‌మన్, ఎవరైనను చదువుకొనుటకు, మార్చుకొనుటకు, పదిమందికి పంచుటకు స్వేచ్ఛగల ఆపరేటింగ్ సిస్టమును నిర్మింతునని ప్రకటించెను. దాని పేరు గ్నూ. పనిముట్లనేకము సిద్ధమైనవి గాని వాని నన్నిటిని నడుపు కెర్నెలు సిద్ధపడలేదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి, ఇరువదియొక్క యేండ్లవాడు, లైనస్ టోర్వాల్డ్స్ ఆ కెర్నెలును వ్రాసి అందరికి ఇచ్చెను. అదియే లినక్సు. రెంటిని కూర్చి, తక్కిన ప్రోగ్రాములను చేర్చి, 1993 ఆగస్టు 16వ తేదీన ఇయన్ మర్డాక్ అనువాడు డెబియన్ అను సంకలనమును ఆరంభించెను. డెబ్రా అనునది అతనికి కాబోవు భార్య పేరు. ఆమె పేరును తన పేరును కలిపి సంకలనమునకు ఉంచెను. దంపతుల పేర్లు కలిపి ఇంటికి పేరుపెట్టు ముచ్చట తెలుగువారికి క్రొత్త కాదు.

1996లో డెబియన్‌కు నాయకుడైన బ్రూస్ పెరెన్స్ పిక్సార్ అను చలనచిత్ర సంస్థలో ఉద్యోగి. ఆ సంస్థవారు 1995 నుండి విడుదల చేసిన టాయ్ స్టోరీ అను బొమ్మల చిత్రములలోని పాత్రల పేర్లే నాటినుండి ప్రతి కూర్పునకు పెట్టుచున్నారు. 2023 జూన్‌లో వెలువడిన 12వ కూర్పు పేరు బుక్‌వర్మ్, అనగా పుస్తకాల పురుగు. గ్రంథాలయ సభలో తలచుకొనదగిన పేరే. 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పు ట్రిక్సీ. ఇందు ప్రోగ్రాముల మూటలు డెబ్బదివేలకు చేరువగా నున్నవి.

మూట యనగా ప్యాకేజీ. ఒక ప్రోగ్రామును, దాని పరివారమును ఒక్కచోట కట్టియుంచినది. డెబియన్ మూటను విప్పిచూచినచో లోపల మూడే వస్తువులుండును. మొదటిది ఒక్క పంక్తి చీటి. మూట ఏ పద్ధతిని కట్టబడినదో తెలుపు సంఖ్య దానిమీద నుండును. రెండవది వివరముల పెట్టె: మూట పేరు, కూర్పు, కట్టినవారి పేరు, ఇది నిలుచుటకు ఏయే ఇతర మూటలు కావలెనో వాని జాబితా, విప్పిన తరువాత నడుపవలసిన చిన్న ఏర్పాటు ప్రోగ్రాములు. మూడవదే అసలు సరుకు.

ఈ మూటలను విప్పి, సరుకును ఉండవలసిన చోట ఉంచి, లెక్క వ్రాయు గుమాస్తా ప్రోగ్రాము పేరు డీపీకేజీ. 1994లో రూపుదిద్దుకొన్నది. దీనికి పైన ఆప్ట్ అను మరియొక అధికారి కలడు. ఏ మూటకు ఏ మూట కావలెనో తానే వెదకి, దూరపు భాండారమునుండి తెప్పించి, గుమాస్తాకు అందించును. డీపీకేజీకి ఆ తెలివి లేదు. ఇచ్చిన మూటను విప్పుట, వ్రాయుట, లోటున్నచో లేదని చెప్పుట, అంతవరకే. కాని లెక్క యంతయు దాని చేతిలోనిదే. రెడ్‌హ్యాట్ వారు 1995లో నిర్మించిన ఆర్‌పీఎం అను గుమాస్తా వేరొక రీతి దస్తరము ఉంచును; పని స్వభావము మాత్రమొకటే.

ఆ దస్తరమును గూర్చి ఈ సభలో కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయనగా పహాణీ ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. పహాణీయందు సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు, అనుభవదారు, పైరు, నీటి ఆధారము గళ్లు గళ్లుగా నుండును. డీపీకేజీ ఉంచు స్థితి దస్తరమును, అనగా స్టేటస్ ఫైలును, మామూలు అక్షరములలో ఎవరైనను తెరచి చదువవచ్చును. మూటకొక పద్దు. పద్దున పేరు, కూర్పు, ఆధారములు, వానితోపాటు స్థితిని తెలుపు మూడు మాటలు. మొదటి మాట యజమాని కోరిక. రెండవది పద్దు బాగున్నదా చెడినదా యనునది. మూడవది మూట యొక్క నిజస్థితి. ఈ మూడవ మాటయే ముఖ్యము. సరుకు దించబడినను ఏర్పాటు కానిచో ‘విప్పబడినది’ అని వ్రాయును. అంతయు ముగిసినచో ‘అమర్చబడినది’ అని వ్రాయును. నడుమ కరెంటు పోయినచో ‘సగము అమర్చబడినది’ అని నిజమే వ్రాసియుంచును. ప్రతి మూటకు విడిగా మరొక జాబితా కూడ కలదు. ఏ ఫైలు ఏ మూటనుండి వచ్చినదో దానిని చూచి చెప్పవచ్చును. పాత దస్తరము ప్రతిని చెరపక ప్రక్కన ఉంచుకొనును. ఇంతటి బుద్ధిగల గుమాస్తాలు మనుష్యులలో అరుదు.

1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా కరణీకములు, పట్వారీగిరీలు రద్దయినవి. నాటి దస్తరములు ఇప్పుడు యంత్రములలో చేరినవి. భూమి లెక్క యంత్రములో నున్నప్పుడు, ఆ యంత్రము లోపలి లెక్క ఎవరు వ్రాయుచున్నారో తెలిసికొనుట వృథా ప్రయాస కాదు.

ఇక అసలు పని. మొదట వట్టి డిస్కు. దానిని హద్దురాళ్లు పాతినట్లు విభజించి, ఫైళ్లు నిలుచుటకు అనువుగా చదును చేయవలెను. పిదప నడుచుచున్న మరియొక లినక్సు వ్యవస్థనుండి ఆ చదునును ఒక డైరెక్టరీగా తెరచి, అందులో క్రొత్త ఇల్లు కట్టనారంభింపవలెను. ఇచ్చటనే ఆత్మాశ్రయము ఎదురగును. మూటలు విప్పువాడు డీపీకేజీ. క్రొత్త ఇంట డీపీకేజీ లేదు. డీపీకేజీ తానే ఒక మూటలో నున్నది. తాళపుచెవి పెట్టెలోపల, పెట్టెకు తాళము.

అయితే మూటను కట్టిన పెద్దలు దూరదృష్టి గలవారు. వారు మూటను విప్పుటకు క్రొత్త విద్య యేదియు కోరలేదు. వెలుపలి కట్టు ఏఆర్ అను పాత పనిముట్టుతోను, లోపలి పెట్టెలు టార్ అను మరొక పాత పనిముట్టుతోను విడును. ఈ రెండును యూనిక్సు లోకమున ఏ మూలనైనను దొరకును. కావున డీపీకేజీ లేకున్నను చేతితోనే మూటను విప్పి సరుకును క్రొత్త ఇంట దింపవచ్చును. ప్రధానమైన మూటలను ఇట్లే ఒక్కటొక్కటిగా దింపుదురు. ఆ పిమ్మట సీహెచ్‌రూట్ అను పనిముట్టుతో క్రొత్త ఇంటి గడప లోపలికి పోవుదురు. 1979 నాటి యూనిక్సులో వచ్చిన ఉపాయమిది. లోపలికి పోయిన ప్రోగ్రామునకు పాత ఇల్లు కనబడదు. క్రొత్త ఇల్లే సర్వ ప్రపంచము.

లోపల డీపీకేజీ ఫైళ్లున్నవి, నడుచును కూడ. కాని దస్తరము ఖాళీ. భూమిమీద మనిషి దున్నుచున్నాడు, పహాణీలో అతని పేరు లేదు. ఈ పనిని యాంత్రికముగా చేయు డెబూట్‌స్ట్రాప్ అను పరికరము ఇక్కడ చేయునది లెక్కలవారికి ఆశ్చర్యము కలిగించును. డీపీకేజీ ఇంతకుముందే అమర్చబడినదని ఒక బూటకపు పద్దును అది దస్తరమున వ్రాయును. బాధ్యుని పేరున్న చోట ‘తెలియదు’ అని వ్రాయును. ఆ పని చేయు భాగమునకు దాని కర్తలు పెట్టిన పేరునకు అర్థమే ‘అమర్చినట్లు నటించుట’. వెంటనే ఆ పద్దు ఆధారముగా డీపీకేజీ లేచి, కొన్ని మూటలను నిజముగా అమర్చి, ఆ వరుసలోనే తన మూటను తానే అమర్చుకొనును. అంతటితో బూటకపు పద్దు పోయి, ఆ స్థానమున నిజమైన పద్దు నిలుచును.

తప్పుడు పద్దు వ్రాయుట కరణమునకు మహాపరాధము. ఇక్కడ అది క్షమింపదగినదే యగుట ఎట్లు? ఆ పద్దు ఎవరి సొత్తును హరించుటకు వ్రాసినది కాదు. దాని ఆయుస్సు క్షణములు. మీదుమిక్కిలి, బాధ్యుని పేరు తెలియదని ఒప్పుకొని మరీ వ్రాసినది. దొంగ పద్దుకు ఎప్పుడును ఒక పెద్దమనిషి సంతకముండును.

తరువాతిది అన్యోన్యాశ్రయము. ప్రోగ్రాములన్నిటికి అన్నమువంటిది లిబ్‌సీ అను మూట. దాని జాబితా చూచిన లిబ్‌జీసీసీ అను మూట కావలెనని యుండును. లిబ్‌జీసీసీ జాబితా చూచిన లిబ్‌సీ కావలెనని యుండును. చక్రకము కూడ కలదు: మూట ఏర్పాటు ప్రోగ్రాములు నడుచుటకు షెల్ కావలెను, షెల్ మరొక మూటలోనిది, అది నిలుచుటకు లిబ్‌సీ కావలెను, లిబ్‌సీ ఏర్పాటునకు మరల షెల్. వీనిని దాటుటకు చేయునది విప్పుటను, ఏర్పాటును వేరుచేయుట. ఆధారములు ప్రస్తుతము చూడవద్దని గుమాస్తాకు ఆజ్ఞ యిచ్చి, మొదట అన్ని మూటలను విప్పించి ‘విప్పబడినది’ అని వ్రాయింతురు. సరుకంతయు ఇంటిలో చేరిన పిదప, మిగిలిన వాని నన్నిటిని ఏర్పాటు చేయుమని రెండవ ఆజ్ఞ. పెండ్లి పందిరి ఎత్తునప్పుడు గుంజలన్నియు ముందు వదులుగా నిలిపి, తరువాత ఒక్కసారి కట్లు బిగింతురు గదా.

పిమ్మట కెర్నెలు, యంత్రము లేవగానే దానిని పిలుచు గ్రబ్ అను ప్రోగ్రాము, ఏ డిస్కు ఎచ్చట తగిలించవలెనో చెప్పు చీటి, యజమాని రహస్యపదము. ఇవన్నియు మామూలు పనులు.

సిద్ధముగా నున్న ఇన్‌స్టాలరు కొలది నిమిషములలో చేయుదానిని ఇంత శ్రమపడి చేయనేల అని యడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే, దినదినము ఇట్లు చేయమని ఎవరును చెప్పరు. కాని క్రొత్త కూర్పు దించుచుండగా కరెంటు పోయినదనుకొందము. యంత్రము లేవదు. ఇన్‌స్టాలరును మాత్రమే ఎరిగినవాడు డిస్కును చెరపి మొదటినుండి ఎక్కించును. ఆ చెరపుటలో పిల్లల చదువుల కాగితములు, చనిపోయినవారి ఛాయాచిత్రములు, సంఘము లెక్కలు పోవును. చేతిపని ఎరిగినవాడు ఆ డిస్కును మరొక యంత్రమునుండి తెరచి, సీహెచ్‌రూట్‌తో లోపలికి పోయి, దస్తరము చదివి, ఏది ‘విప్పబడినది’ దగ్గర ఆగినదో చూచి, ఏర్పాటు ముగింపుమని గుమాస్తాకు చెప్పును. దస్తరమే చెడినచో ప్రక్కనున్న పాత ప్రతిని తెచ్చి పెట్టును. పహాణీ తడిసినదని పొలమునంతయు ఎవడైనను తిరిగి అడవి చేయునా?

ఇక నాలుగవది, అనవస్థ. తెప్పించిన మూటలు మార్గమధ్యమున ఎవరును మార్చలేదని నమ్ముటెట్లు? ప్రతి మూటకును ఒక గుర్తుసంఖ్య లెక్కకట్టి, ఆ సంఖ్యలన్నిటిని ఒక జాబితాలో వ్రాసి, ఆ జాబితా గుర్తుసంఖ్యను మరొక పత్రమున వ్రాసి, దానిమీద డెబియన్ వారు ముద్ర వేయుదురు. మూటలో ఒక్క అక్షరము మారినను సంఖ్య కలియదు. మంచిదే. ఆ ముద్ర వారిదేనని తెలిసికొనుటకు తాళపుచెవి కావలెను. తాళపుచెవియు ఒక మూటలోనే వచ్చును. దానిని నమ్ముటెట్లు?

యూనిక్సు నిర్మాతలలో ఒకడగు కెన్ థాంప్సన్ 1984లో ప్రచురితమైన తన ట్యూరింగ్ బహుమాన ప్రసంగమున ఇంకను లోతునకు పోయెను. మనుష్యులు వ్రాసిన మూలమును యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. కంపైలరునకును మూలముండును, దానిని మార్చునది అంతకుముందటి కంపైలరు. ఆ ముందటి దానిలో దొంగ యొకడు దాగియున్నచో, మూలమంతయు శుద్ధముగా కనబడుచున్నను, ఆ దొంగతనము తరతరములకు నకలై దిగుచుండునని చేసి చూపెను. మూలము చదివినంత మాత్రమున నమ్మరాదు. నకలునుండి నకలు తీసిన రెవెన్యూ దస్తరము సంగతి తెలిసినవారికి ఇది చెప్పనక్కరలేదు. తగాదా వచ్చిననాడు పహాణీలన్నిటిని ప్రక్కకు త్రోసి, మొదటి బందోబస్తునాటి సేత్వారును తెమ్మందురు.

కంప్యూటరులకు సేత్వారు కలదా? ఆ అన్వేషణలో కొందరు చాలకాలము శ్రమించిరి. 2023లో గిక్స్ అను లినక్సు సంకలనమువారు, 357 బైట్ల ఒక్క చిన్న ప్రోగ్రామునుండి మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా పెద్ద కంపైలరు వరకు మూలమునుండియే నిర్మించు మార్గమును పూర్తిచేసిరి. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, తెలుగు వర్ణమునకు మూడు బైట్లు. కావున తెలుగు లెక్కలో అది 119 వర్ణములు. ఒక పోస్టుకార్డు నిండదు. దానిని ఒక మనిషి కూర్చుండి, అక్షరమక్షరము చదివి, ఇందు దొంగ లేడని చెప్పగలడు. దానిని నడుపు యంత్రము, కెర్నెలు ముందుగానే ఉండవలసినవే. ఆ మేరకు అనవస్థ తీరలేదు. అయినను నమ్మవలసిన విత్తనము ఇంత చిన్నది కావచ్చునని చూపుట అల్పమైన పని కాదు.

చేతితో నిలబెట్టిన వ్యవస్థ మొదటిసారి లేచినప్పుడు కనబడునది నల్లని తెర, దానిమీద తెల్లని ఆంగ్లాక్షరములు. వందకు కొంచెము అటునిటుగా మూటలు, అంతే. దీనిని కనీస వ్యవస్థ యందురు. కాని ఎవరికి కనీసము? ఈ నల్లతెరకు తెలుగు రాదు. కెర్నెలు చూపు ఆ తెరకు ఖతిలో 512కు మించిన ఆకారములుండుటకు వీలులేదు. వీలున్నను ప్రక్కప్రక్కన పేర్చుటయే దానికి తెలియును. తెలుగున గుణింతము పైకెక్కును, ఒత్తు క్రిందికి దిగును, ‘స్త్ర’ వంటివానిలో మూడు హల్లులు ఒక్క గుంపగును. ఆ విద్య నల్లతెరకు లేదు. ఆంగ్లము చదువువానికి వ్యవస్థ ఇక్కడనే సమాప్తము. తెలుగు చదువువానికి ఇంకను చాల దూరము కలదు: చిత్రపు తెరను నడుపు మూటలు, అక్షరములను కలిపి కూర్చు హార్ఫ్‌బజ్ అను మూట, ఆపైన ఖతులు. ఒకరి కనీసము మరియొకరికి సగమునకు కూడ రాదు. ఈ మాట కంప్యూటరులకే చెల్లునని ఎవరును అనుకొనరు గాక.

ఆ దూరమును నడిచినవారు కలరు. లినక్సు పుట్టిన 1991లోనే, అక్టోబరున, ప్రపంచ భాషల లిపులకు సంఖ్యలిచ్చు యూనికోడ్ తొలి కూర్పు వెలువడినది. అందు తెలుగునకు 128 స్థానముల గడి కేటాయింపబడినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను ఖతులను రూపొందించి ఉచితముగా ఇచ్చెను. హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థవారు 2005లో లినక్సును తెలుగు మాటలతో వెలువరించిరి. మెనూలు, ఆజ్ఞలు, హెచ్చరికలు తెలుగున చదువుకొనవచ్చునని నాటి విద్యార్థులకు చూపిరి. కేంద్ర ప్రభుత్వపు సీ-డాక్ సంస్థ డెబియన్‌ను ఆధారముగా గొని 2007లో బాస్ అను భారతీయ కూర్పును తెచ్చినది. అందును తెలుగు కలదు. వీరిలో పెక్కుమంది జీతము లేకయే పనిచేసిరి.

కావున కనీస వ్యవస్థను నిలబెట్టినవాడు అచ్చటితో ఆగక, చిత్రపు తెరను లేపి, డెబియన్ భాండారమునుండి తెలుగు ఖతుల మూటను తెప్పింపవలెను. డీపీకేజీ ఆ మూటను విప్పి, పోతన, వేమనలను వాని వాని చోట కూర్చుండబెట్టి, దస్తరమున ఒక పద్దు వ్రాయును. మొదట ‘విప్పబడినది’ అనియు, కొన్ని క్షణముల తరువాత దానిని దిద్ది ‘అమర్చబడినది’ అనియు. ఈ పద్దున బాధ్యుల పేరు గల గడిలో పేరు ఉండును.